ఓడీబీసీలో బైండ్ చేస్తే రైతు పేరు ఒక చోట ప్రశ్నార్థకాలు, ఇంకో చోట పిచ్చి అక్షరాలు: ఎక్కడ వెతకాలి?

ఖమ్మం_కోడ్:

అందరికీ నమస్కారం. ఖమ్మంలో మిర్చి అడ్తి (కమీషన్) దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రామ్ చేసి ఇస్తుంటాను. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన పాత విండోస్ ప్రోగ్రామ్ అది. వెనకాల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2017, మధ్యలో ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌తో కలిపే మైక్రోసాఫ్ట్ ఓడీబీసీ డ్రైవర్ 17. ఇన్నాళ్లూ రైతు పేరు ఇంగ్లిష్‌లోనే కొట్టేవాళ్లు. ఈ సీజన్ నుంచి తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం బిల్లు) మీద పేరు, ఊరు తెలుగులో రావాలని ఒక అడ్తిదారు అడిగాడు. నాకూ అది న్యాయమే అనిపించింది. సరుకు అమ్ముకుని వెళ్లే మనిషి తన పేరు తాను చదువుకోగలగాలి.

రైతు పేరు కాలమ్‌ని ఎన్‌వార్‌క్యార్ 60కి (యూనికోడ్ పట్టే టైప్, పొడవు 60) మార్చాను. మేనేజ్‌మెంట్ స్టూడియోలో పేరు ముందు ఎన్ (ఇది యూనికోడ్ అని చెప్పే గుర్తు) పెట్టి ఇన్సర్ట్ చేస్తే తెలుగు చక్కగా పడుతోంది. కాబట్టి టేబుల్ బాగానే ఉన్నట్టు. ప్రోగ్రామ్ నుంచి పంపినప్పుడే గొడవ. అది కూడా ఒక్క రకం గొడవ కాదు, అందుకే బుర్ర తిరుగుతోంది.

ఒకటి. స్క్రీన్ మీద పేరు కొట్టి సేవ్ చేసినప్పుడు. టెక్స్ట్‌బాక్స్‌లో 'రాములు' అని బాగానే కనిపిస్తుంది. దాన్ని సీడబ్ల్యూ2ఏ అనే మార్పిడితో మామూలు (ఒక్కో బైటు) స్ట్రింగ్‌లోకి తెచ్చి, క్వెరీకి విలువ అందించే ఎస్‌క్యూఎల్ బైండ్ పారామీటర్‌లో సీ-క్యార్ టైప్‌గా ఇస్తున్నాను. టేబుల్‌లో ఆరు ప్రశ్నార్థకాలు పడుతున్నాయి.

రెండు. ఊళ్ల నుంచి ఫోన్ యాప్‌లో ఎక్కించిన రైతుల జాబితా టెక్స్ట్ ఫైల్‌గా వస్తుంది, యూనికోడ్‌ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో. ఫైల్ నుంచి చదివి అదే స్ట్రింగ్‌లో, అదే బైండ్‌తో పంపితే ప్రశ్నార్థకాలు రావు. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న 'ఎ', పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే 'ఎ', ఒక ప్లస్-మైనస్ గుర్తు... ఇలా బారుగా వస్తుంది. పైగా కొన్ని పెద్ద పేర్లకు 22001 ఎర్రర్ కొడుతోంది, డేటా పట్టలేదని. 60 ఇచ్చినా ఎందుకు పట్టదో అర్థం కావట్లేదు.

మూడు. ఇదంతా సీ-క్యార్ వల్లే అనుకుని చిన్న టెస్ట్ ప్రోగ్రామ్ రాశాను. అందులో ఎల్ (ఇది వైడ్ స్ట్రింగ్, అంటే విండోస్‌లో రెండేసి బైట్లది అని చెప్పే గుర్తు) పెట్టి 'రాములు' అని కోడ్‌లోనే రాసి, వైడ్ టైపైన డబ్ల్యూ-క్యార్‌గా బైండ్ చేశాను. మళ్లీ అదే గీతల 'ఎ', డిగ్రీ గుర్తు! డబ్ల్యూ పెట్టినా రాకపోతే ఇంకేం పెట్టాలి? ఆ దుకాణంలో రోజూ కాటా నడుస్తోంది, నాకు టెన్షన్‌గా ఉంది.

బ్యాచ్‌మేట్_2011:

బ్రో, సింపుల్. బైండ్ వదిలెయ్. క్వెరీలోనే పేరు ముందు ఎన్ పెట్టి స్ట్రింగ్ కలిపి పంపు. స్టూడియోలో పని చేసింది కదా, ఇక్కడా పని చేస్తుంది.

గోదారిగట్టు:

బ్యాచ్‌మేట్ గారూ, ఆ దారి వద్దు. పేరులో ఒక కొటేషన్ గుర్తు వచ్చిందంటే క్వెరీ విరిగిపోతుంది. ఎవరైనా కావాలని ఏదైనా రాస్తే టేబులే పోతుంది. పైగా ఎన్ అనేది క్వెరీలో నేరుగా రాసిన స్ట్రింగ్‌కి మాత్రమే. పారామీటర్‌కి ఎన్ ఉండదు, టైప్ ఉంటుంది.

ఖమ్మం గారూ, మీ పోస్ట్ చాలా బాగా రాశారు, మూడింటినీ విడివిడిగా చెప్పారు. అవి నిజంగానే మూడు వేరు వేరు జబ్బులు. ఒకటే మందుతో మూడూ పోవాలని చూస్తే ఏదీ పోదు.

ముందు బైండ్ అంటే ఏమిటో ఒక్క మాట. ఎస్‌క్యూఎల్ బైండ్ పారామీటర్‌లో రెండు టైపులు ఇస్తాం. మొదటిది సీ టైప్: నా బఫర్‌లో ఉన్నది ఇదీ అని డ్రైవర్‌కి మీరిచ్చే మాట. రెండోది ఎస్‌క్యూఎల్ టైప్: సర్వర్‌కి దీన్ని ఇలా పంపు అని. డ్రైవర్ మీ బఫర్ విప్పి చూసి ఇది తెలుగా కాదా అని ఆరా తీయదు, మీ మాట నమ్ముతుంది. మీ మార్కెట్ భాషలో చెప్పాలంటే బస్తా మీద తేజ రకం మిర్చి అని రాసి లోపల తాలు కాయ పోస్తే కాగితం మీద అది తేజ గానే నడుస్తుంది.

విండోస్‌లో సీ-క్యార్ అన్నారంటే 'ఈ బైట్లు ఈ కంప్యూటర్ ఆన్సీ కోడ్‌పేజీలో ఉన్నాయి' అని చెప్పినట్టే. కోడ్‌పేజీ అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక. మన దగ్గర సాధారణంగా అది 1252, పశ్చిమ యూరప్ భాషలది. తెలుగుకి విండోస్‌లో ఆన్సీ కోడ్‌పేజీ అసలు లేదు. హిందీకీ లేదు. 57005 అని తెలుగు ఇస్కీ (మన లిపుల పాత ప్రమాణం) పేజీ ఒకటుంది కానీ అది మార్పిడి కోసమే, సిస్టమ్ కోడ్‌పేజీగా పెట్టుకోవడానికి కాదు. అంటే విండోస్‌లో తెలుగును సీ-క్యార్ దారిలో పంపడానికి నమ్మకమైన మార్గం లేదు. 1252లో తెలుగు పట్టే చోటే లేదు.

ఇక మీ మూడు కేసులు.

మొదటి దానిలో తప్పు బైండ్‌లో జరగలేదు, బైండ్ దాకా రాకముందే జరిగింది. సీడబ్ల్యూ2ఏ కి ఏ కోడ్‌పేజీ కావాలో చెప్పకపోతే ఆన్సీకి మారుస్తుంది. 'రాములు'లో ఉన్నవి ర, దీర్ఘం, మ, కొమ్ము, ల, కొమ్ము. ఆరు కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఉండే నంబర్లు. ఒక్కటీ 1252లో లేదు. ఆరింటికీ ఆరు ప్రశ్నార్థకాలు పెట్టి చేతులు దులుపుకుంది. బైండ్ లైన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి మెమరీ విండోలో చూడండి, 3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్ అని ఆరు కనిపిస్తాయి. అవి నిజమైన ప్రశ్నార్థకాలు. డ్రైవర్ వాటిని పొల్లు పోకుండా సర్వర్‌కి చేర్చింది. కాబట్టి అక్కడ మార్పిడే తీసేయండి. స్క్రీన్ నుంచి వైడ్ స్ట్రింగ్ వస్తోంది కదా, దాన్ని అలాగే పట్టుకుని సీ టైప్ డబ్ల్యూ-క్యార్, ఎస్‌క్యూఎల్ టైప్ డబ్ల్యూ-వార్‌క్యార్ అని బైండ్ చేయండి.

రెండో దానిలో బఫర్ శుభ్రంగా ఉంది, ఇచ్చిన మాట తప్పు. తెలుగు కోడ్ పాయింట్ ఏదైనా యూటీఎఫ్-8లో 3 బైట్లు. మొదటి బైట్ ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 గానీ బీ1 గానీ. 'ర' అంటే ఈ0 బీ0 బీ0. 1252లో ఈ0 అంటే ఆ గీత 'ఎ', బీ0 అంటే డిగ్రీ గుర్తు, బీ1 అంటే ప్లస్-మైనస్. మీరు చూసిన బారు అదే. ఒక్కో బైటునూ ఒక్కో అక్షరం అనుకుని డ్రైవర్ యూటీఎఫ్-16లోకి (రెండేసి బైట్ల వైడ్ పద్ధతిలోకి) మార్చి పెట్టింది. మీ 22001 ఎర్రర్‌కి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆరు ఉండాల్సిన 'రాములు' పద్దెనిమిది అవుతుంది. 'వెంకటేశ్వర్లు' కంటికి ఐదు అక్షరాలే కానీ కోడ్ పాయింట్లు పదమూడు, అది 39 అవుతుంది. ఇంటిపేరుతో కలిపి 20 కోడ్ పాయింట్లు దాటితే 60 సరిపోదు. ఈ ఎర్రర్ చూసి కాలమ్‌ని 200 చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా చేస్తే ఎర్రర్ పోతుంది, జబ్బు మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది.

దీనికి మందు: ఫైల్ నుంచి చదివిన బైట్లను మల్టీబైట్ టు వైడ్‌క్యార్ ఫంక్షన్‌తో, కోడ్‌పేజీ యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పి, వైడ్‌లోకి మార్చండి. చెల్లని బైట్లు ఉంటే ఎర్రర్ ఇవ్వమనే ఫ్లాగ్ ఒకటుంది, అది తప్పకుండా పెట్టండి. పాడైన ఫైల్ గుమ్మం దగ్గరే ఆగాలి, టేబుల్ దాకా రాకూడదు. ఫైల్ మొదట్లో ఈఎఫ్ బీబీ బీఎఫ్ అనే మూడు బైట్ల బీఓఎమ్ (ఇది యూటీఎఫ్-8 ఫైల్ అని చెప్పే గుర్తు) ఉందేమో చూసి తీసేయండి. లేకపోతే ప్రతి జాబితాలో మొదటి రైతు పేరు ముందు కంటికి కనపడని అక్షరం ఒకటి చేరుతుంది. స్క్రీన్ మీద పేరు బాగానే ఉంటుంది, వెతికితే మాత్రం దొరకడు.

మూడో దానిలో బైండ్ సరిగ్గానే ఉంది. అక్కడ మీ కంపైలర్ వేరుగా చదివింది. సోర్స్ ఫైల్ యూటీఎఫ్-8లో బీఓఎమ్ లేకుండా సేవ్ అయి ఉంటే విజువల్ స్టూడియో కంపైలర్ దాన్ని కూడా ఆన్సీ అనుకునే చదువుతుంది. మీరు ఎల్ పెట్టి రాసిన 'రాములు' కంపైల్ అయ్యేసరికే పద్దెనిమిది అక్షరాలు అయిపోయింది. ఆ స్ట్రింగ్ పొడవు ప్రింట్ చేసి చూడండి. 18 వస్తే అదే కారణం. కంపైలర్ ఆప్షన్లలో స్లాష్ యూటీఎఫ్-8 ఇవ్వండి, విజువల్ స్టూడియో 2015 అప్‌డేట్ 2 నుంచి ఉంది. లేదా టెస్ట్‌లో అక్షరాలు రాయకుండా 0సీ30, 0సీ3ఈ అని కోడ్ పాయింట్ నంబర్లే ఇవ్వండి. టెస్ట్‌కి అదే మేలు, ఎడిటర్, కంపైలర్ రెండూ అడ్డు రావు.

ఇంకొకటి, చదివేటప్పుడూ ఇదే సంగతి. కాలమ్ విలువని మీ బఫర్‌లోకి తెచ్చే ఎస్‌క్యూఎల్ బైండ్ కాల్ ఫంక్షన్‌లో సీ-క్యార్ ఇస్తే టేబుల్‌లో తెలుగు నిక్షేపంలా ఉన్నా మీ స్క్రీన్ మీద ప్రశ్నార్థకాలే వస్తాయి. కాబట్టి స్క్రీన్ చూసి డేటా పోయిందని ఎప్పుడూ అనుకోవద్దు. టేబుల్‌లో బైట్లు చూడాలి. పేరుని వార్‌బైనరీకి కాస్ట్ చేసి చూడండి. 'రాములు' సరిగ్గా ఉంటే ఇలా వస్తుంది:

30 0సీ 3ఈ 0సీ 2ఈ 0సీ 41 0సీ 32 0సీ 41 0సీ

ప్రతి రెండో బైటూ 0సీ. దాన్ని చూస్తే ప్రాణం కుదుటపడుతుంది. 3ఎఫ్ 00 3ఎఫ్ 00 అని ఉంటే పేరు పోయింది. ఈ0 00 బీ0 00 అని మొదలైతే పేరు ఉంది, ముసుగు వేసుకుని ఉంది.

ఖమ్మం_కోడ్:

గోదారిగట్టు గారూ, చాలా చాలా థ్యాంక్స్ అండీ. టెస్ట్ ప్రోగ్రామ్‌లో పొడవు ప్రింట్ చేస్తే మీరన్నట్టే 18 వచ్చింది. స్లాష్ యూటీఎఫ్-8 పెట్టాక 6 వచ్చింది, టేబుల్‌లో తెలుగు పడింది. మెయిన్ ప్రోగ్రామ్‌లో సీడబ్ల్యూ2ఏ తీసేసి డబ్ల్యూ-క్యార్‌కి మార్చాను.

ఇప్పుడు తెలుగే పడుతోంది కానీ పేరు సగమే పడుతోంది! 'రాములు' అని కొడితే 'రామ' అని సేవ్ అవుతోంది. ఎర్రర్ ఏమీ లేదు. పొడవు కోసం స్ట్రింగ్ సైజ్ ఇస్తున్నాను, ఇంతకుముందూ అదే ఇచ్చేవాణ్ని.

రెండో ప్రశ్న. సీజన్ మొదటి నుంచి స్క్రీన్‌లో కొట్టినవి, ఫైల్ నుంచి వచ్చినవి కలిసిపోయి ఉన్నాయి. కొన్ని ప్రశ్నార్థకాలు, కొన్ని గీతల అక్షరాలు, పాత ఇంగ్లిష్ పేర్లు కూడా అందులోనే. వీటిని బాగు చేయొచ్చా?

గోదారిగట్టు:

'రామ' అని చదవగానే అర్థమైంది. బైండ్‌లో ఇచ్చే పొడవు బైట్లలో ఉండాలి, అక్షరాలలో కాదు. సీ-క్యార్ ఉన్నన్నాళ్లూ రెండూ ఒకటే కాబట్టి తేడా తెలియలేదు. ఇప్పుడు మీ స్ట్రింగ్ సైజ్ 6 ఇచ్చింది. డ్రైవర్ 6 బైట్లు తీసుకుంది. యూటీఎఫ్-16లో 6 బైట్లంటే మూడు యూనిట్లు: ర, దీర్ఘం, మ. అర్థమున్న పేరే మిగిలింది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు, ఇది ప్రశ్నార్థకాల కంటే ప్రమాదం. సైజ్‌ని 2తో హెచ్చించి ఇవ్వండి, 12. లేదా చివర సున్నా ఉన్న స్ట్రింగ్ అని చెప్పే ఎన్‌టీఎస్ ఇవ్వండి.

అయితే అన్నిటినీ రెట్టింపు చేయకండి. కాలమ్ సైజ్ అనే ఆర్గ్యుమెంట్ మాత్రం అక్షరాలలోనే, అది 60. చదివేటప్పుడు బఫర్ పొడవు మళ్లీ బైట్లే, చివరి సున్నాకి కూడా చోటు కలిపి 122. అక్కడ తక్కువ ఇస్తే డ్రైవర్ కోసి 01004 అని హెచ్చరిక ఇస్తుంది. అది ఎర్రర్ కాదు కాబట్టి చాలా ప్రోగ్రాములు దాన్ని పట్టించుకోవు. మీరు పట్టించుకోండి.

ఇంకో ప్రమాదం. ఎస్‌క్యూఎల్ బైండ్ పారామీటర్ మీ డేటాని కాపీ చేసుకోదు, అడ్రస్ మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. చదివేది ఎస్‌క్యూఎల్ ఎగ్జిక్యూట్ పిలిచినప్పుడు. యూటీఎఫ్-8 నుంచి వైడ్‌కి మార్చే ఫంక్షన్ ఒకటి రాసి, అది తిరిగి ఇచ్చిన తాత్కాలిక స్ట్రింగ్ అడ్రస్‌ని అక్కడికక్కడే బైండ్‌లో ఇచ్చేశారనుకోండి, ఎగ్జిక్యూట్ అయ్యేసరికి ఆ స్ట్రింగ్ ఉండదు. ఒక్కోసారి పని చేస్తుంది, ఒక్కోసారి చెత్త పడుతుంది. మార్చిన స్ట్రింగ్‌ని, పొడవు వేరియబుల్‌ని, రెండింటినీ ఎగ్జిక్యూట్ అయ్యేదాకా బతికి ఉండేలా పేరున్న వేరియబుల్స్‌లో పెట్టుకోండి.

ఇక రిపేర్. ముందు బ్యాకప్ తీసి, వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి, అక్కడ పని చేయండి. నడుస్తున్న కాటా మీద ప్రయోగాలు వద్దు.

పేరులో మొదటి అక్షరానికి యూనికోడ్ ఫంక్షన్ వాడితే నంబర్ వస్తుంది. తెలుగు అక్షరాలన్నీ 3072 నుంచి 3199 మధ్య ఉంటాయి, 'ర' 3120. అలాంటి వరసలను ముట్టుకోవద్దు. 63 వస్తే ప్రశ్నార్థకం. 224 వస్తే గీత 'ఎ', అవే రిపేర్ చేయాల్సినవి. 65 నుంచి 122 మధ్య అయితే పాత ఇంగ్లిష్ పేర్లు.

63 ఉన్నవాటికి మందు లేదు. ఇది చెప్పడం నాకూ బాధగానే ఉంది. ఆరు ప్రశ్నార్థకాల నుంచి రాములు రాడు, ఎందుకంటే అక్కడ రాములు, సోములు, రాజులు అందరూ ఒకటే. పాత ఇంగ్లిష్ పేరు ఇంకో టేబుల్‌లో ఉంటే దాన్ని పట్టుకుని, లేదా తక్‌పట్టీ డూప్లికేట్ పుస్తకం ముందు పెట్టుకుని మళ్లీ కొట్టించాలి. ఫోన్ నంబర్ ఉంటే రైతునే అడగండి. దయచేసి ఊహించి మాత్రం నింపకండి, అది డబ్బు కాగితం.

224 ఉన్నవి మొత్తం వెనక్కి వస్తాయి. వైడ్‌గా చదవండి, వైడ్‌క్యార్ టు మల్టీబైట్‌తో 1252కి మార్చండి. దాంతో మొదటి యూటీఎఫ్-8 బైట్లు మళ్లీ చేతికొస్తాయి. వాటిని యూటీఎఫ్-8గా వైడ్‌కి మార్చి రాయండి. ఇక్కడ ఒక్కటి జాగ్రత్తగా వినండి. 1252లో ఐదు బైట్లకు అక్షరం లేదు: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. మన తెలుగులో కొమ్ము ఈ0 బీ1 81. పొల్లు ఈ0 బీ1 8డీ. ఒత్తు ఉన్న ప్రతి చోటా పొల్లు ఉంటుంది. అంటే తెలుగులో ఎక్కువగా వాడే రెండు గుర్తులు సరిగ్గా ఆ ఖాళీ గదుల్లోనే పడ్డాయి. ఏ, ఐ, ఝ కూడా అంతే. విండోస్ సొంత ఫంక్షన్లు ఆ ఐదింటినీ అదే నంబరున్న కంట్రోల్ క్యారెక్టర్లుగా మార్చి, వెనక్కి కూడా అలాగే తెస్తాయి, కాబట్టి ఏమీ పోదు. పైథాన్‌లో సీపీ1252 కోడెక్ అలా కాదు, ఆ బైట్ల దగ్గర ఎర్రర్ కొడుతుంది. ఎర్రర్లు వదిలెయ్ అని ఇగ్నోర్ పెట్టారంటే కొమ్ములు, ఒత్తులు ముక్కలైపోతాయి. అందుకే రిపేర్ కూడా మీ సీ ప్లస్ ప్లస్‌లోనే చేయండి.

మార్చిన ప్రతి పేరునూ రాసే ముందు రెండు పరీక్షలు పెట్టండి. 1252కి మార్చేటప్పుడు డిఫాల్ట్ అక్షరం వాడాల్సి వచ్చిందా అని ఆ ఫంక్షనే చెబుతుంది. వాడితే ఆ వరస వదిలేయండి. తర్వాత, వచ్చిన బైట్లు యూటీఎఫ్-8గా ఎర్రర్ లేకుండా చదవబడాలి. రెండూ దాటినవే రాయండి. మిగిలినవి ఒక లిస్టులో పెట్టి కంటితో చూడండి. స్క్రిప్ట్ రెండోసారి పొరపాటున నడిచినా 224 షరతు ఉంది కాబట్టి బాగైన పేర్ల జోలికి పోదు.

కూకట్‌పల్లి_జావా:

మంచి వివరణ. నేను జావా వైపు నుంచి ఒక హెచ్చరిక కలుపుతాను. 'ఇకనుంచి అన్నీ డబ్ల్యూ-క్యార్‌లోనే' అని సెర్చ్ అండ్ రీప్లేస్ చేయకండి.

జేడీబీసీలో (జావాకి ఓడీబీసీ లాంటిది) మైక్రోసాఫ్ట్ డ్రైవర్ సెట్‌స్ట్రింగ్‌తో ఇచ్చిన ప్రతిదాన్నీ డిఫాల్ట్‌గా యూనికోడ్‌గానే పంపుతుంది. మా టేబుల్‌లో కస్టమర్ కోడ్ వార్‌క్యార్ (మామూలు, యూనికోడ్ కాని టైప్), దాని మీద ఇండెక్స్ ఉంది. పారామీటర్ ఎన్‌వార్‌క్యార్‌గా వస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్ రూల్ ప్రకారం ఎన్‌వార్‌క్యార్ పెద్దది, కాబట్టి కాలమ్‌నే ఎన్‌వార్‌క్యార్‌కి మార్చి పోలుస్తుంది. ఎస్‌క్యూఎల్ లాటిన్1 కొలేషన్ (అక్షరాలను పోల్చి వరస పెట్టే నియమాలు) ఉన్నచోట ఇక ఇండెక్స్‌లో నేరుగా దిగలేదు, మొత్తం ఇండెక్స్ చదువుకుంటూ పోతుంది. చిన్న టేబుల్‌లో తెలియదు, లక్షల వరసలున్న చోట స్క్రీన్ నిలబడిపోతుంది. ఎగ్జిక్యూషన్ ప్లాన్‌లో కన్వర్ట్ ఇంప్లిసిట్ అని కనిపిస్తే ఇదే.

మీ దగ్గర లాట్ నంబర్, రైతు కోడ్ లాంటివి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలే అయితే వాటిని వార్‌క్యార్‌గానే ఉంచి, బైండ్‌లో ఎస్‌క్యూఎల్ టైప్ వార్‌క్యార్ ఇవ్వండి. బఫర్ వైడ్‌లో ఉన్నా ఫర్వాలేదు. సీ టైప్ డబ్ల్యూ-క్యార్, ఎస్‌క్యూఎల్ టైప్ వార్‌క్యార్ అనే జోడీ చెల్లుతుంది.

అలాగే గోదారిగట్టు గారికి ఒక ప్రశ్న. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019కి మారి యూటీఎఫ్-8 కొలేషన్ పెట్టుకుంటే వార్‌క్యార్‌లోనే తెలుగు పడుతుంది కదా, ఈ బాధలన్నీ పోవా?

గోదారిగట్టు:

ఇండెక్స్ సంగతి బాగా గుర్తుచేశారు, నేను చెప్పాల్సింది.

యూటీఎఫ్-8 కొలేషన్ నిల్వకి సంబంధించింది. బఫర్‌లో ఏముందో డ్రైవర్‌కి చెప్పే బాధ్యత దానితో తీరదు. విండోస్‌లో సీ-క్యార్ అని బైండ్ చేస్తే ఆన్సీ అనుకోవడం అలాగే ఉంటుంది. పైగా తెలుగుకి అందులో లాభం లేదు. ఎన్‌వార్‌క్యార్‌లో ఒక కోడ్ పాయింట్‌కి 2 బైట్లు, యూటీఎఫ్-8లో 3. అక్కడ వార్‌క్యార్ 60 అంటే 60 బైట్లు, అంటే 20 తెలుగు కోడ్ పాయింట్లే. ఎక్కువ భాగం ఇంగ్లిష్ ఉండి ఎక్కడో తెలుగు తగిలే టేబుల్‌కి అది మంచిది. రైతు పేర్లకి నా ఓటు ఎన్‌వార్‌క్యార్‌కే.

లినక్స్‌లో టెస్ట్ చేసేవాళ్లకి కూడా ఒక మాట. అక్కడ ఇదే డ్రైవర్ సీ-క్యార్‌ని లొకేల్ (సిస్టమ్ భాష సెట్టింగ్) ప్రకారం చదువుతుంది, లొకేల్ సాధారణంగా యూటీఎఫ్-8 కాబట్టి తెలుగు హాయిగా వెళ్లిపోతుంది. అదే కోడ్ విండోస్‌కి తెచ్చాక గీతల 'ఎ' మొదలవుతుంది. ఇంకా అక్కడ వైడ్ క్యారెక్టర్ 4 బైట్లు, యూనిక్స్ ఓడీబీసీ వాడే ఎస్‌క్యూఎల్ డబ్ల్యూ-క్యార్ మామూలుగా 2 బైట్లు. వైడ్ స్ట్రింగ్‌ని నేరుగా ఇవ్వకూడదు, 16 బిట్ల స్ట్రింగ్ వాడాలి.

బెజవాడ_డీటీపీ:

నేను ప్రోగ్రామర్‌ని కాను, డీటీపీ చేస్తాను. కానీ ఖమ్మం గారూ, రిపేర్ ముందు ఒకటి అడగండి. ఆ దుకాణంలో ఎవరైనా అను ఫాంట్లతో తెలుగు కొట్టి ఉన్నారా? పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు. ఇంగ్లిష్, యూరప్ అక్షరాల నంబర్ల మీద తెలుగు అక్షరం ముక్కలు గీసి పెట్టి ఉంటాయి. ఫాంట్ తీసేస్తే అవీ పిచ్చి అక్షరాల్లాగే కనిపిస్తాయి. నా దగ్గరకి వచ్చే పెళ్లి కార్డుల జాబితాల్లో రోజూ చూస్తుంటాను. వాటికి ఈ 1252 వైద్యం పని చేయదు, ఆ ఫాంట్‌కి తగ్గ కన్వర్టర్ కావాలి.

ఖమ్మం_కోడ్:

బెజవాడ గారూ, మీరు అడగమన్నది మంచిదైంది. ఊరు కాలమ్‌లో కొన్ని అలాంటివే దొరికాయి, పాత గుమస్తా అను ఫాంట్‌తో కొట్టేవాడట. మొదటి అక్షరం 224 కాదు కాబట్టి రిపేర్‌లో అవి తగల్లేదు. ఊళ్ల పేర్లు కొద్దివే, చేత్తో కొట్టించేశాం.

గోదారిగట్టు గారూ, పొడవు సరిచేశాక రాములు పూర్తిగా వచ్చాడు. బ్యాకప్ కాపీ మీద రిపేర్ నడిపాను. ఫైల్ నుంచి వచ్చిన పేర్లలో పరీక్ష తప్పినవి కొన్నే ఉన్నాయి, అన్నీ చివర తెగినవే. ఫోన్ యాప్ వాళ్లు పేరుని బైట్లలో కోస్తున్నారు, అందుకే మూడు బైట్ల అక్షరం మధ్యలో తెగుతోంది. వాళ్లకి చెప్పాను. చెల్లని బైట్లకు ఎర్రర్ ఇచ్చే ఫ్లాగ్ పెట్టకపోతే ఇది బయటపడేదే కాదు.

ప్రశ్నార్థకాలైన పేర్ల లిస్టు ప్రింట్ తీసి అడ్తిదారుకి ఇచ్చాను. డూప్లికేట్ పుస్తకాలు చూసి మళ్లీ కొట్టిస్తున్నారు. లాట్ నంబర్ వార్‌క్యార్‌గానే ఉంచాను.

ఇంకొక్కటి మిగిలింది. రైతుల జాబితా తెలుగు అక్షరక్రమంలో రావాలంటే ఆర్డర్ బై లో ఏమైనా పెట్టాలా?

గోదారిగట్టు:

ఇండిక్ జనరల్ 100 అని ఒక కొలేషన్ ఉంది. ఆర్డర్ బై లో ఆ కాలమ్ పక్కన కొలేట్ అని రాసి దాని పేరు సీఐ ఏఎస్‌తో (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడొద్దు, గీతల గుర్తుల తేడా చూడు అని) కలిపి ఇవ్వండి. అది యూనికోడ్ కాలమ్‌లకే పని చేస్తుంది, మీది ఎన్‌వార్‌క్యార్ కాబట్టి ఇబ్బంది లేదు. డేటాబేస్ కొలేషన్ మొత్తం మార్చకండి, ఆ ఒక్క క్వెరీలో చాలు. జాబితా ఎప్పుడూ అదే వరసలో కావాలంటే రైతు పేరు కాలమ్ వరకే ఆ కొలేషన్ పెట్టి, ఇండెక్స్ మళ్లీ కట్టుకోండి. తెగిన పేర్లు యాప్ వాళ్లు సరిచేసి కొత్త ఫైల్ పంపాక, ఆ వరసలు మాత్రం రైతు కోడ్‌తో జత చూసి మళ్లీ ఎక్కించండి.